రసీదు వచ్చింది, లెక్క రాలేదు
హైదరాబాదులో మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు మూడేళ్లుగా విరాళం ఇస్తున్నాను. విరాళంపై ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపుకు కావలసిన 10బీఈ ధ్రువపత్రం ఏటా మే 31 లోపే అందుతుంది కనుక ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. అయితే వార్షిక నివేదికలో చికిత్స పొందుతున్నవారి ఫొటోలు పదకొండు పేజీలు నింపగా (2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించిందని వారికి తెలియదనుకోను), ఆదాయ వ్యయాల పట్టిక అర పేజీకి మించలేదు. అందులోనూ అతి పెద్ద పద్దు ‘ఇతర ఖర్చులు’. హెల్ప్‌లైన్‌కు వచ్చిన కాల్స్ ఎన్నో రాశారు గానీ, ఎత్తనివి ఎన్నో, ఎత్తేవారికి ఎన్ని గంటల శిక్షణ ఇచ్చారో రాయలేదు. ఆడిట్ నివేదిక ప్రతి కావాలని రెండుసార్లు అడిగితే, ధన్యవాదాలు తెలుపుతూ విరాళాల క్యూఆర్ కోడ్ పంపారు. ఈ ఏడాది చెల్లింపు ఆపాను.