కాలనీలో సైన్స్ కార్యక్రమం: టెలిస్కోపా, ఉపన్యాసమా, నీడ మాయమయ్యే మధ్యాహ్నమా?

విజయవాడలో ఏ కాలనీ సంఘమో, గ్రంథాలయమో మొదటిసారి సైన్స్ కార్యక్రమం పెట్టాలనుకుంటే ఆలోచన హాలు, మైకు, శాలువాల దగ్గరే మొదలవుతుంది. వచ్చేది నూటయాభై మందిలోపయితే వాటి జోలికి పోకుండా టెలిస్కోపు పెట్టడమే మేలు.

జనాన్ని బట్టి లెక్క వేసుకోవాలి. ఒక్కొక్కరూ కన్ను ఆనించి, "ఏదండీ, ఏం కనపడట్లేదే" అని సర్దుకుని చూసేసరికి 45 సెకన్లు. అంటే టెలిస్కోపుకు గంటకు 80 మంది. నూటయాభై మందికి ఒక్కటే పెడితే వరస చివరి పిల్లలు నిద్రకు పడతారు. రెండు కావాలి. దగ్గర్లోని కాలేజీ ఫిజిక్స్ విభాగంలో అడిగి చూడొచ్చు.

ఆరంగుళాల డాబ్సోనియన్, అంటే ఆరంగుళాల అద్దంతో, నేలమీద పెట్టి చేత్తో తిప్పుకునే టెలిస్కోపు సరిపోతుంది. దాని ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బింబం ఏర్పడే చోటికి దూరం) 1200 మి.మీ. అనుకుంటే, 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను ఆనించే కటకంతో) 48 రెట్లు పెద్దదై చంద్రబింబం మొత్తం పడుతుంది. 10 మి.మీ. ఐపీస్‌తో 120 రెట్లు. గురుగ్రహం మీది చారలకు ఇదే బాగుంటుంది కానీ, భూమి తిరుగుతుంటుంది కాబట్టి గ్రహం రెండు నిమిషాల్లోపే అంచు దాటిపోతుంది. ఇద్దరు చూడగానే గొట్టాన్ని మళ్లీ సర్దాలి. సర్దకపోతే మూడో మనిషి చీకటి చూసి, మర్యాదకు "బాగుందండీ" అనేసి వెళ్లిపోతాడు.

డాబా మీద మాత్రం వద్దు. పగలంతా కాగిన స్లాబు రాత్రి కూడా వేడి వదులుతుంటే బొమ్మ వణుకుతుంది, పక్కన ఎవరు నడిచినా ఊగుతుంది. మట్టినేల మంచిది. అద్దం చల్లబడాలి కాబట్టి అరగంట ముందే బయట పెట్టాలి. చిన్నపిల్లలకు ఒక స్టూలు, పట్టుకోవడానికి పక్కనే ఒక కుర్చీ ఉంచండి. లేదంటే గొట్టం పట్టుకునే వేలాడతారు.

తేదీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పౌర్ణమినాడు వెలుగు నేరుగా పడటంతో నీడలు ఉండవు, చంద్రుడు సున్నం కొట్టిన గోడలా ఉంటాడు. శుక్లపక్ష సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగుచీకట్ల గీత వెంబడి గుంతలు, కొండలు లోతుగా కనిపిస్తాయి. 2027 సంగతే చూడండి. జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28, ఆదివారమే కాబట్టి ఆ రోజే పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ సాయంత్రం చంద్రుడే ఉండడు, అర్ధరాత్రికి గానీ రాడు. రథసప్తమి మర్నాడు, 14వ తేదీ కూడా ఆదివారమే. పొద్దుగుంకేసరికి అష్టమి చంద్రుడు నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు, ఏడున్నర దాటాక తూర్పున గురుడు అందుతాడు. టెన్త్ పరీక్షల ఒత్తిడి కూడా అప్పటికింకా ముదరదు.

ఉపన్యాసం ఎప్పుడు మేలంటే, జూన్ నుంచి నవంబరు దాకా. వానలు, తుపానుల కాలంలో ఆకాశాన్ని నమ్ముకోలేం. జన్యువులు, టీకాలు లాంటి విషయాలకూ హాలే దిక్కు. నలభై నిమిషాలు మాట, అరగంట ప్రశ్నలు. మైకు అందిస్తే మన దగ్గర ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, ప్రసంగించేవాళ్లు ఎక్కువ. చీటీలు పంచి రాయించుకుంటే ఆడవాళ్లు, పిల్లలు కూడా అడుగుతారు. స్లైడ్లు పీడీఎఫ్‌గా తెమ్మని వక్తకు ముందే చెప్పండి. ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో ఆ తెలుగు ఫాంట్ లేకపోతే గుణింతాలూ ఒత్తులూ చెల్లాచెదురవుతాయి.

ఇక పెద్దగా ఖర్చు లేనిది మూడోది, నీడ మాయమయ్యే మధ్యాహ్నం. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 6, ఆగస్టు 6 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు. మేలో ఎండ మాడ్చేస్తుంది, ఆగస్టులో మబ్బు భయం. నన్నడిగితే మే నెలే నయం, షామియానా వేసుకుంటే సరి. మీటరు పైపును దారానికి కట్టిన బరువుతో సరిచూసి నిలువుగా నిలబెట్టాలి. పైపు ఒక్క డిగ్రీ వాలినా దాదాపు పావుతక్కువ రెండు సెంటీమీటర్ల నీడ పడి ఆట చెడుతుంది. మే నెలలో నీడ మాయమయ్యేది 12:04 ప్రాంతంలో, పన్నెండింటికి కాదు. అయిదు నిమిషాల ముందు రెండు సెంటీమీటర్ల నీడ ఉంటుంది కాబట్టి జనాన్ని 11:50కే పిలిచి, నిమిషానికోసారి నీడ కొసను సుద్దముక్కతో పిల్లల చేతే గుర్తు పెట్టించండి.