5ఎఫ్ అనైసోట్రోపీని అర్థం చేసుకోవడానికి ఏ యురేనియం సమ్మేళనం మేలు?

ఫెర్రో అయస్కాంతం ఒక స్ఫటిక దిశలో తేలికగా, మరో దిశలో కష్టంగా అయస్కాంతీకరణ చెందే గుణాన్ని అయస్కాంత అనైసోట్రోపీ అంటారు. యురేనియం వంటి ఆక్టినైడ్ల (5ఎఫ్ అనే కక్ష్యల్లో ఎలక్ట్రాన్లు ఉండే భారీ మూలకాల) సమ్మేళనాల్లో ఇది అసాధారణ స్థాయిలో కనిపిస్తుంది. అయితే దాని మూలాన్ని తెలుసుకోవాలనుకునేవారు, అనైసోట్రోపీ ఎంత పెద్దదన్న లెక్క ఒక్కటే చూసి పదార్థాన్ని ఎంచుకోకూడదు.

యురేనియం డైగాలైడ్‌లో ఒక్కో యురేనియం పరమాణువుకు దాదాపు 3 బోర్ మాగ్నెటాన్ల (పరమాణు అయస్కాంతత్వానికి కొలమానం) అయస్కాంత భ్రామకం ఉంటుంది. క్యూరీ ఉష్ణోగ్రత (దాటితే ఫెర్రో అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత) సుమారు 125 కెల్విన్. భ్రామకాలు షట్కోణ తలంలోనే ఉంటాయి, వాటిని సి అక్షం (ఆ తలానికి లంబ దిశ) వైపు తిప్పడం మామూలు ప్రయోగశాల క్షేత్రాలకు సాధ్యం కాదు. కానీ ఆ జాలకంలో (పరమాణువుల అమరికలో) సి అక్షం ముందే మిగతా దిశలకు భిన్నమైనది కాబట్టి, అనైసోట్రోపీలో జాలకం వాటా ఎంతో, 5ఎఫ్ ఎలక్ట్రాన్ల వాటా ఎంతో విడదీయడం కష్టం.

యురేనియం మోనోసల్ఫైడ్‌కు ఆ చిక్కు లేదు. ఉప్పు నిర్మాణం గల ఈ ఘనాకార స్ఫటికంలో మూడు అక్షాలూ సమానమే. అయినా సుమారు 180 కెల్విన్ దిగువన భ్రామకాలు [111] దిశను (ఘనం మూల నుంచి ఎదురు మూలకు సాగే వికర్ణాన్ని) గట్టిగా పట్టుకుంటాయి. ఇలాంటి సమ్మేళనాల్లో భ్రామకాలు సాధారణంగా దగ్గరి యురేనియం జతలను కలిపే రేఖలకు లంబంగా నిలుస్తాయని అంటారు. ఇక్కడ ఒక్కో యురేనియం పరమాణువుకు ఉన్న 12 పొరుగు పరమాణువుల్లో [111]కు లంబంగా ఉన్నవి 6, [100]కు (ఘనం అంచు దిశకు) 4, [110]కు (ముఖ వికర్ణ దిశకు) 2 మాత్రమే. ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది, కానీ దీన్ని సార్వత్రిక సూత్రంగా తీసుకోలేము: యురేనియం డైజెర్మనైడ్‌లో భ్రామకాలు యురేనియం గొలుసు సాగే ఎ అక్షం వెంటే నిలుస్తాయి.

పోలికకు యురేనియం, ఇనుముల ఘనాకార సమ్మేళనాన్ని (UFe₂) తీసుకోవచ్చు. అందులో యురేనియం పరమాణువుల మధ్య దూరం దాదాపు 3.06 ఆంగ్‌స్ట్రామ్‌లే (సల్ఫైడ్‌లో సుమారు 3.88). 5ఎఫ్ ఎలక్ట్రాన్లు ఒక్కో పరమాణువుకే కట్టుబడక పట్టీలుగా వ్యాపించి, యురేనియం కక్ష్యా భ్రామకం (ఎలక్ట్రాన్ కక్ష్యా చలనం వల్ల వచ్చేది), స్పిన్ భ్రామకం (ఎలక్ట్రాన్ స్వీయ భ్రమణ గుణం వల్ల వచ్చేది) పరస్పరం దాదాపు రద్దవుతాయి. అయస్కాంతత్వ భారం ఇనుముపై పడుతుంది. అనైసోట్రోపీ సల్ఫైడ్‌తో పోలిస్తే చాలా తక్కువ.

కాబట్టి నా ఓటు సల్ఫైడ్‌కే. కొలత విషయంలో మాత్రం అది మొండి పదార్థం: [100] దిశలో క్షేత్రం ప్రయోగించినా భ్రామకం [111]ను వదలదు గనుక, ఆ దిశలో కనిపించేది మొత్తంలో 0.58 వంతే. కఠిన దిశలో సంతృప్తిని (భ్రామకాలన్నీ క్షేత్రం వైపు తిరిగిన స్థితిని) నేరుగా చూడలేక, అనైసోట్రోపీ స్థిరాంకాన్ని అయస్కాంతీకరణ వక్రరేఖ వాలును బట్టి అంచనా వేయాల్సి వస్తుంది. భ్రామకం పూర్తిగా తిరగడాన్ని కళ్లారా చూడాలంటే యురేనియం రోడియం జెర్మనైడ్ అనుకూలం. బి అక్షం వెంట క్షేత్రం ప్రయోగిస్తే, సుమారు 12 టెస్లాల వద్దే భ్రామకం ఆ వైపు మళ్లుతుంది. కాకపోతే దాని క్యూరీ ఉష్ణోగ్రత 9.5 కెల్విన్ మాత్రమే, పైగా అతి శీతల స్థితిలో ఆ క్షేత్రానికి సమీపంలోనే అతివాహకత్వం (నిరోధం లేకుండా విద్యుత్ ప్రవహించే స్థితి) మళ్లీ తలెత్తి లెక్కలో వేలు పెడుతుంది.