కంచెతో పాటు అనుమతి పనులూ చూసిపెట్టిన సంస్థ: మా అనుభవం

పెరటి చుట్టూ చెక్క కంచె వేయించడానికి మేము ఎంచుకున్న సంస్థ, నగరపాలక అనుమతి పనులను కూడా తానే చూసుకుంటుంది. ఆ ఒక్క కారణంతోనే వారికి పని అప్పగించాము, ఆ నమ్మకం చాలావరకు నిలబడింది.

మొదటి రోజు వచ్చిన పర్యవేక్షకుడు చెక్క నమూనాలు చూపించకముందే స్థలం సర్వే పటం అడిగారు. పటంలోని కొలతల ప్రకారం పెరటి మూలన మట్టిని మెల్లగా తవ్వితే, జానెడు లోతున తుప్పుపట్టిన ఇనుప హద్దు కడ్డీ బయటపడింది. ఇన్నేళ్లుగా మేము హద్దుగా భావించిన పాత కంచె, ఆ కడ్డీకి అడుగున్నర అవతల, పొరుగువారి స్థలంలో ఉంది. పాత గుంతల్లోనే కొత్త స్తంభాలు నాటించి ఉంటే, అనుమతి పత్రం చేతిలో ఉన్నా అది మమ్మల్ని కాపాడేది కాదు. ఎందుకంటే కార్యాలయం మనం సమర్పించిన పటాన్ని నియమాలతో సరిచూస్తుందే తప్ప, సాధారణంగా హద్దును తేల్చదు. వెనుక వైపు మురుగు గొట్టం కోసం వదలవలసిన స్థలాన్నీ ఆయనే గుర్తించి, కంచెను దానికి ఇవతలకు జరిపారు.

లోపం ఎత్తు దగ్గర జరిగింది. అమెరికాలో పలు నగరాలు ఆధారంగా తీసుకునే అంతర్జాతీయ నివాస నియమావళి (ఇళ్ల నిర్మాణ నియమాల సంపుటి) ఇటీవలి కూర్పులు 7 అడుగులు మించని కంచెకు నిర్మాణ అనుమతి అక్కర్లేదంటాయి, కానీ ఏ నగరమైనా ఆ పరిమితిని తగ్గించుకోవచ్చు, పైగా అనుమతి అక్కర్లేని కంచెకూ జోనింగ్ నియమాలు (ఏ స్థలంలో ఏమి, ఎంత ఎత్తున కట్టవచ్చో చెప్పే నగర నియమాలు) వర్తిస్తాయి. మా నగరంలో కంచె ఎత్తు 6 అడుగులు మించకూడదు. సంస్థ గీసిన నమూనాలో పలకలు సరిగ్గా 6 అడుగులే ఉన్నా, వాటిపై అడుగు ఎత్తు జాలీని లెక్కించలేదు. దరఖాస్తు వెనక్కి వచ్చింది, రెండు వారాలు పోయాయి. ఇది వృత్తిలో ఉన్నవారు చేయకూడని పొరపాటు. నివాసుల సంఘం సమ్మతి వేరుగా తీసుకోవాలన్న మాట కూడా వారు ముందుగా చెప్పలేదు.

పనితనం మాత్రం దృఢంగా ఉంది. తనిఖీ అధికారి గుంతల లోతు చూసేవరకు వారు కాంక్రీటు పోయలేదు, తొందరపెట్టలేదు. ఈ సంస్థను మా బంధువులకూ సూచిస్తాను. అయితే బయానా ఇచ్చేముందే, అనుమతి ఎవరి పేరున ఉంటుందో, దరఖాస్తు తిరస్కరిస్తే మళ్లీ కట్టే రుసుము ఎవరిదో, తుది తనిఖీకి ఎవరు పిలుస్తారో ఒప్పందంలో రాయించుకోమని చెబుతాను.