గలీనాలో గ్రాంట్ ఇల్లా, బెల్వెడీర్ భవనమా: ఏది చూడాలి?

షికాగో నుంచి అదే ఇలినాయ్ రాష్ట్రంలోని గలీనా ఊరికి కారులో దాదాపు మూడు గంటలు. అక్కడికి వెళ్లే మనవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: ఒక్క పూటే ఉంది, అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన యులిసెస్ గ్రాంట్ ఇల్లు చూడాలా, బెల్వెడీర్ చూడాలా? రెండూ ఇటుక ఇళ్లే, రెండిటిదీ ఇటాలియనేట్ (ఇటలీ భవనాలను అనుకరించిన 19వ శతాబ్దపు) శైలే, కట్టడంలో మూడేళ్లే తేడా.

హంగు కావాలంటే బెల్వెడీర్‌కే వెళ్లండి. 1857లో స్టీమర్ల వ్యాపారి జె. రస్సెల్ జోన్స్ కోసం కట్టిన 22 గదుల భవనం అది. గ్రాంట్ ప్రెసిడెంట్ అయ్యాక ఈయన్నే బెల్జియంకు రాయబారిగా పంపాడు. లోపలి సామాన్లలో చాలా భాగం తర్వాతి యజమానులు సేకరించి తెచ్చినవే. పియానో కళాకారుడు లిబరాచీ ఎస్టేట్ నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి. చూడ్డానికి కళ్లు చెదురుతాయి. కానీ ఇందులో జోన్స్ కాలం నాటిది ఏది అని ప్రతి గదిలోనూ అడగాల్సి వస్తుంది.

నా ఓటు గ్రాంట్ ఇంటికే. 1860లో కట్టిన ఈ రెండంతస్తుల ఇంటిని 1865లో 2,500 డాలర్లకు కొని, అంతర్యుద్ధం గెలిచి వచ్చిన జనరల్‌కు ఊరివాళ్లు కానుకగా ఇచ్చారు. 1904లో ఆయన పిల్లలు దాన్ని నగరానికి ఇచ్చేశారు, 1931లో రాష్ట్రం చేతికి వచ్చింది. 1868 నవంబరులో, గ్రాంట్ ఎన్నికలో గెలిచిన రోజుల్లో, ఒక సచిత్ర వారపత్రిక ఈ ఇంటి బొమ్మలు అచ్చేసింది. 1955లో మొదలైన పునరుద్ధరణ ఇంటిని ఆ బొమ్మల్లోని రూపానికే తెచ్చింది. పాత ఇల్లు చూడ్డానికి వెళ్తే నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే: మరమ్మతు చేసినవాళ్లు ఊహ మీద ఆధారపడ్డారా, సాక్ష్యం మీదా?

లోపలికి వెళ్లే ముందు రోడ్డు మీద నిలబడి చూరు చూడండి. కప్పు వాలు చాలా తక్కువ. చూరు గోడ దాటి బాగా ముందుకు వచ్చింది, కింద చెక్క బ్రాకెట్లు. ఇల్లు ఉత్త చదరపు పెట్టెలా ఉన్నా బోసిగా అనిపించకపోవడానికి కారణం ఆ బ్రాకెట్లు, ఎర్ర ఇటుక మీద వాటి నీడలే. అది అలంకారం మాత్రమే కాదు. వెడల్పాటి చూరు వాననీటిని గోడకు దూరంగా పడేస్తుంది. పాతకాలపు ఇటుక గోడను తినేసేది నీళ్లే. వరండా పైన పిట్టగోడ కట్టిన బాల్కనీ కూడా ఈ శైలి గుర్తే. ఇల్లు చిన్నది కాబట్టి ఏది ఎందుకు పెట్టారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. లోపల సామాన్లు ఎక్కువగా గ్రాంట్ కుటుంబానివే; భోజనాల గదిలో వాళ్ల పింగాణీ, వెండి సామాన్లు కనిపిస్తాయి.

గ్రాంట్‌కు అండగా నిలిచిన కాంగ్రెస్ సభ్యుడు వాష్‌బర్న్ ఇల్లు సంగతి కూడా కొందరు అడుగుతారు. అది 1840ల నాటి గ్రీకు శైలి ఇల్లు, లెక్క వేరు. 1868 ఎన్నిక ఫలితాలు గ్రాంట్ విన్నది ఆ ఇంట్లోనే కాబట్టి, చరిత్ర ఇష్టమైతే వెళ్లండి. డౌలింగ్ ఇల్లు 1826 నాటి రాతి కట్టడం. టైం మిగిలితే చూడొచ్చు.