లోధీ కాలనీ గోడ బొమ్మలు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఢిల్లీలో ఒక పూట ఖాళీ దొరికితే లోధీ కాలనీకి వెళ్లండి. టికెట్టు లేదు, గేటూ లేదు. ఖన్నా మార్కెట్‌కీ మెహర్‌చంద్ మార్కెట్‌కీ మధ్య, 1940లలో బ్రిటిష్ వాళ్లు కట్టించిన ప్రభుత్వ క్వార్టర్ల గోడల మీద వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ వేయించిన బొమ్మలు 50కి పైనే ఉన్నాయి.

న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఎల్లో లైన్ మెట్రోలో ఆరో స్టేషన్ జోర్‌బాగ్. అక్కణ్నుంచి పావుగంట, ఇరవై నిమిషాల నడక. ఆదివారం వెళ్తే కార్లన్నీ ఇళ్ల ముందే ఉండి బొమ్మల కింది సగం కనబడనివ్వవు. పనిదినాన పొద్దున 10 గంటల తర్వాత నయం. ఫోన్‌లో వైడ్ మోడ్ పెడితే గోడలు వంకర పోతాయి. ఎదుటి ఫుట్‌పాత్ మీదికి జరిగి మామూలుగా తీయండి.

ఎండ కోసమైనా ఆ వేళకే వెళ్లాలి. డాకు అనే కళాకారుడు 2016లో చేసినదానిలో రంగు బొమ్మే లేదు. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన అక్షరాలుంటాయి, అంతే. పైనుంచి ఎండ పడితేనే వాటి నీడలు గోడ మీద మాటలై పరుచుకుంటాయి. పొద్దుతో పాటు నీడలు సాగుతాయి, వంగుతాయి, చివరికి మాయమైపోతాయి. మబ్బు పట్టినా, చలికాలం పొగమంచు కమ్మినా వట్టి గోడే. అది దక్కాలంటే ఎండ రోజు చూసుకునే బయల్దేరాలి.

బసకు పహాడ్‌గంజ్ లాడ్జీలు చవక, మెట్రో పక్కనే. కిటికీ లేని గదులు అంటగడతారు కాబట్టి గది చూశాకే డబ్బు కట్టండి. పిల్లలతో వెళ్తే లాజ్‌పత్‌నగర్, జంగ్‌పురా గెస్ట్‌హౌస్‌లు మేలు. రేటు ఎక్కువైనా రాత్రి నిద్ర పడుతుంది. భోజనానికి అశోకా రోడ్డులోని ఏపీ భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. ఆదివారం బిర్యానీకి క్యూ బారెడు, మామూలు రోజు అన్నం పప్పు హాయిగా తినొచ్చు.

ఢిల్లీ దాకా వెళ్లలేనివారికి హైదరాబాద్‌లో ఎంఎస్ మక్తా అనే బస్తీ ఉంది. ఖైరతాబాద్ మెట్రోలో దిగి రాజ్‌భవన్ వైపు వెళ్లాలి. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషనే అక్కడా బొమ్మలు వేయించింది. సందులు ఇరుకు, గోడకు మూరెడు దూరంలో నిలబడితే రంగు కారిన చారలు కూడా కనిపిస్తాయి. కానీ అవి సొంత ఇళ్లు. పైన అంతస్తు లేపినా, కొత్త సున్నం కొట్టించినా బొమ్మ పోతుంది. లోధీలో గోడలు సర్కారువి కాబట్టి ఆ భయం తక్కువ. అయినా పైపు కారి చెమ్మ ఎక్కిన చోట రంగు ఉబ్బి పెచ్చులూడుతుంది, నేలకు ఆనుకుని ఉన్న రెండు మూడడుగులు ముందు పోతాయి. ఊరూరా గోడల మీద బొమ్మలు వేయిస్తున్న మున్సిపాలిటీలు రంగుల డబ్బాలు కొనేముందు ఆ పైపులు బాగు చేయించాలి.

మక్తాలో కిటికీలు తెరిచే ఉంటాయి. ఫోటో తీసేముందు గడపలో కూర్చున్న అమ్మని ఒక్కమాట అడగండి.