అరకులో భోజనం, పాడేరులో బస: మా బైక్ క్లబ్ వారాంతపు రైడ్

విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు. అక్కడి నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి. ఘాటీ దిగి నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా మళ్ళీ ఇంటికి. మొత్తం 330 కిలోమీటర్ల పైచిలుకు. శని, ఆదివారాల్లో సరిపోతుంది కాబట్టి చలికాలం మొదలవగానే మా క్లబ్‌లో ముందుగా వినిపించే పేరు ఇదే. డిసెంబర్ మొదట్లో డజనుకు పైగా బళ్ళతో వెళ్ళొచ్చాం. ఒక్కరో ఇద్దరో వెళ్ళడం వేరు, ఇంతమంది కలిసి వెళ్ళడం వేరు. రాత్రి ఎక్కడ ఆగుతామన్నదే మిగతా రైడ్ అంతటినీ నడిపిస్తుంది.

తెల్లవారుజామునే పెందుర్తి దాటేస్తే ఎస్.కోట దాకా పెద్ద ట్రాఫిక్ ఉండదు. టిఫిన్ ఎస్.కోటలోనే కానిచ్చేయండి. ఘాటీ మీద దొరికే ఇడ్లీ కన్నా ఇక్కడిది వేడిగా ఉంటుంది, పైగా ఇంతమందికి ఒకేసారి వడ్డించగలరు. ట్యాంకులు కూడా ఇక్కడే నింపుకోవాలి. అరకు, పాడేరు, చింతపల్లిలో బంకులున్నా, అక్కడ క్యూలో నిలబడి పగటి వెలుతురు పోగొట్టుకోవడం ఎందుకు?

చదును రోడ్డు మీద ముందు బండి కుడి పక్కన ఉంటే వెనక బండి ఎడమ పక్కన, అలా జిగ్‌జాగ్‌గా నడిచాం. బొడ్డవర దాటి ఘాటీ మొదలవగానే అందరూ ఒకే వరసలోకి వచ్చి, దూరం పెంచుకున్నారు. అన్నిటికంటే ముందు దారి తెలిసిన లీడ్, అందరికన్నా వెనక పానాలూ పంక్చర్ కిట్టూ ఉన్న స్వీప్. లీడ్‌ను ఎవరూ దాటరు, స్వీప్‌ను వదిలి ఎవరూ వెనకపడరు. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. ఈ మలుపుల్లో ఆర్టీసీ బస్సు ఎదురొస్తే దానికి రోడ్డంతా కావాలి. మలుపు లోపల ఓవర్‌టేక్ చేసే అలవాటున్న మనిషి ఎంత మంచి రైడర్ అయినా మా గుంపులోకి వద్దంటాను.

టైడ దాటాక డముకు దగ్గర ఒకసారి, గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఇంకోసారి ఆగాం. అనంతగిరి చుట్టుపక్కల సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. హెల్మెట్ గ్లాసు ఎత్తితే తడి మట్టి వాసన. బొర్రా గుహల దగ్గర మాత్రం ఆగలేదు. గోస్తనీ నది చెక్కిన ఆ సున్నపురాతి గుహలు చూసి తీరాల్సినవే. కానీ మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళ్ళాలి, టికెట్ల క్యూ, లోపల మెట్లు, చేతిలో హెల్మెట్, ఒంటి మీద జాకెట్. రెండు గంటలకు తక్కువ పట్టదు. బొర్రాకు కుటుంబంతో, తీరిగ్గా వెళ్ళండి. వారాంతపు రైడ్‌లో ఇరికిస్తే గుహా సరిగ్గా చూడరు, రోడ్డునూ ఆస్వాదించరు.

అరకులో భోజనం. బొంగులో చికెన్ తినాలంటే గుంపుగా వెళ్ళేవాళ్ళు దిగగానే ఆర్డర్ చెప్పేయాలి. నూనె వెయ్యకుండా మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చేది కాబట్టి తొందరపెడితే లోపల ఉడకదు. మేం ఆర్డర్ ఇచ్చి గిరిజన మ్యూజియం చూసొచ్చేసరికి బొంగులు దిగాయి. బొంగు చీల్చి ఆకులో వేసినప్పుడు వచ్చే ఆ పొగ వాసన కోసం మళ్ళీ వెళ్తాను. ధర ముందే మాట్లాడుకోండి, కొట్టు కొట్టుకీ తేడా ఉంది. కాఫీ పొడి కొనేవాళ్ళు గిరిజన సహకార సంస్థ అమ్మేది తీసుకుంటే నిశ్చింత. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరుతో రోడ్డు పక్కన ఏదిబడితే అది అమ్ముతున్నారు.

అరకులో రాత్రి బసకు నేను ఓటెయ్యను. వారాంతంలో గది అద్దెలు బాగా పెరిగిపోతాయి. కిందటిసారి ఒక లాడ్జిలో దిగితే, బళ్ళు పెట్టడానికి ఇస్తామన్న స్థలంలో టూరిస్టు వ్యాన్లు ఉన్నాయి, మా బళ్ళు రోడ్డు మీద. వేడినీళ్ళు రెండు గదుల తర్వాత ఆగిపోయాయి. పక్క ఆవరణలో క్యాంప్‌ఫైర్ పాటలు అర్ధరాత్రి దాకా మోగాయి. పొద్దున్నే మళ్ళీ ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన మనిషికి ఆ నిద్ర చాలదు. తప్పక అరకులోనే ఉండాలంటే పర్యాటక సంస్థ హరిత రిసార్టుల్లాంటి పెద్ద ఆవరణ ఉన్నవి చూసుకుని, చాలా ముందే బుక్ చేసుకోండి.

అందుకే భోజనం కాగానే పాడేరు వైపు కదిలాం. సుమారు 45 కిలోమీటర్లు. ఈ ముక్కంటే నాకు ప్రాణం. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి, బండరాళ్ళ మీదుగా జారే నీళ్ళు. నాచు పట్టిన రాయి మీద రైడింగ్ బూట్లతో నడవొద్దు. వలిసె పూలు చివరి దశలో ఉన్నా, అక్కడక్కడ మళ్ళు ఇంకా పసుపు ఆరబోసినట్టే ఉన్నాయి. ఫొటో కోసం చేనులోకి దిగకండి, అవి నూనెగింజల పంట. తొక్కితే పోయేది రైతు కష్టం. హైవే పనులు జరుగుతున్న చోట్ల కంకర తేలి ఉంది, దుమ్ము. అక్కడే మాలో ఒకరి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి వెనక టైరు పోయింది. ట్యూబ్ టైరు కావడంతో మా దగ్గరున్న ట్యూబ్‌లెస్ కిట్ అక్కరకు రాలేదు. దారిన పోయే కుర్రాడు ఒకతను పక్క ఊరి నుంచి పంక్చర్ వేసే మనిషిని బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఆయన చక్రం విప్పి, ట్యూబ్ మార్చి, టైరు లోపలంతా చేత్తో తడిమి ఇంకో మేకు ముక్క తీసి చూపించాడు. పట్నంలో ఎంత తీసుకుంటారో అంతే అడిగాడు. అంత జాగ్రత్తగా పని చేసే మెకానిక్‌ను నేను షోరూముల్లో కూడా అరుదుగా చూశాను. ఇలా ట్యూబ్ టైర్లుండే స్పోక్ (పుల్లల) చక్రాల బళ్ళు ఉన్న క్లబ్బులు స్పేర్ ట్యూబులు తప్పక పెట్టుకోండి.

పాడేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. ఆఫీసుల పని మీద వచ్చేవాళ్ళు దిగే లాడ్జీలే ఎక్కువ. కిటికీలోంచి లోయ కనపడదు. కానీ గేటు లోపల బళ్ళన్నీ పట్టాయి, తాళం వేశారు, బకెట్లతో వేడినీళ్ళు అడిగినన్ని ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, తెల్లారకముందే గేటు తీయాలంటే విసుక్కోకుండా లేచి తీశారు. గుంపుగా బళ్ళ మీద వచ్చేవాళ్ళకు కావాల్సిన బస ఇదే. మెస్‌లో రాత్రి భోజనం సాదాసీదా అన్నం, పప్పు, వేపుడు. కడుపు నిండింది.

మర్నాడు చీకట్లోనే పాడేరు దగ్గరి వంజంగి కొండ. బళ్ళు కింద పెట్టి కొండ ఎక్కాలి. టార్చ్, నీళ్ళు, పట్టున్న బూట్లు ఉంటే చాలు. సూర్యుడు వచ్చేసరికి కింద లోయంతా మబ్బు, కొండ కొసలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. కాసేపు ఎవరమూ ఫోన్ తీయలేదు. అయితే దారి పొడుగునా నీళ్ళ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు చూస్తే మనసు చివుక్కుమంది. మావాళ్ళు దిగేటప్పుడు దొరికినన్ని ఏరి సంచుల్లో కిందికి తెచ్చారు. సైలెన్సర్ మార్చిన బళ్ళతో ఆ వేళ ఊళ్ళ మధ్య నుంచి వెళ్ళేవాళ్ళకు కూడా ఒక మాట: అక్కడ పసిపిల్లలు నిద్రపోతుంటారు, కంపెనీ బిగించిన సైలెన్సర్‌తోనే రండి.

ఒక రైడ్‌లో ఒక తెల్లవారుజామే దొరుకుతుంది. వంజంగిలో గడిపితే లంబసింగి మంచు దొరకదు. మేం చింతపల్లి మీదుగా చేరేసరికి ఎండ ఎక్కింది. వెయ్యి మీటర్ల ఎత్తు కాబట్టి చల్లగానే ఉంది కానీ, జనం చెప్పుకునే ఆ మంచు లేదు. అది కావాలంటే ముందు రాత్రే అక్కడ టెంట్‌లో ఉండాలి. ఉన్న కాసేపు తాజంగి రిజర్వాయర్ గట్టు మీద గడిపాం, జనం తక్కువ.

లంబసింగి నుంచి నర్సీపట్నం దిగే రోడ్డుకు చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ రోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించడం 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. దిగేముందు ఇది అందరికీ చెప్పాను, ఎక్కేవాళ్ళకు దారివ్వడం మన పద్ధతని కూడా చెప్పాను. రెండో గేరులో, యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ బ్రేకింగ్ మీదే దిగాలి. అదేపనిగా బ్రేకు నొక్కి పట్టుకుంటే వేడెక్కి కింది మలుపుల్లో పట్టదు.

నర్సీపట్నంలో భోజనం చేసి, తాళ్ళపాలెం దగ్గర హైవే ఎక్కాం. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేటకు వెళ్ళాలని సగంమంది అడిగారు కానీ వెలుతురు చాలదని లీడ్ ఒప్పుకోలేదు. అది కూడా కావాలనుకునేవాళ్ళు చింతపల్లి నుంచి ఎక్కడా ఆగకుండా మధ్యాహ్నంలోపు ఘాటీ దిగేయండి.