మట్టిలో సూక్ష్మజీవుల టెస్ట్ చేయించా, ల్యాబ్ ఎలా ఉందంటే
గుంటూరు దగ్గర మా మిర్చి చేను మట్టిని ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో ఇచ్చాం. ప్రభుత్వం ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డ్‌లో 12 అంశాలే ఉంటాయి కదా, నత్రజని భాస్వరం పొటాష్ పీహెచ్ ఇలా, సూక్ష్మజీవుల ఊసే ఉండదు, అందుకే ఇక్కడికెళ్లా. పది రోజుల్లో ఇస్తామన్న రిపోర్ట్ మూడు వారాలకి ఇచ్చారు, పైగా అంతా ఇంగ్లీషులోనే, అది నచ్చలేదు.

కానీ అక్కడి మేడమ్ కూర్చోబెట్టి చెప్పిన విషయానికే డబ్బులు వచ్చేసినట్టనిపించింది. ఫంగస్ తెగుళ్లకి ఏళ్లతరబడి కొట్టిన కాపర్ ఆక్సీక్లోరైడ్ మందులోని రాగి ఎక్కడికీ పోదండీ, పైమట్టిలోనే పేరుకుపోద్ది, పురుగుమందుని విరగ్గొట్టే బ్యాక్టీరియాని అది దెబ్బతీస్తే ఆ మందు కూడా ఇంకా ఎక్కువ రోజులు మట్టిలోనే ఉండిపోద్ది, విడివిడిగా చూసి రెండూ లిమిట్‌లోనే ఉన్నాయిలే అనుకుంటాం, దెబ్బంతా అక్కడే. మేమైతే ట్రైకోడెర్మా, అదే తెగుళ్లని అడ్డుకునే మేలు చేసే ఫంగస్, వేసిన వారానికే మొదళ్లలో కాపర్ మందు పోసేవాళ్లం, ట్రైకోడెర్మా కూడా ఫంగసే కదా, బతుకుద్దా? నిజంగా బాధేసింది.

మిర్చి, పత్తి వేసేవాళ్లు ఒక్కసారైనా చేయించండి. శాంపిల్ మాత్రం ఎండబెట్టకండి, ఐస్ బాక్స్‌లో చల్లగా తీసుకెళ్లండి, లేకపోతే లెక్క తేడా వస్తది.